ఇంట్లో కట్టుకునే విమానాల్లో దెబ్బతిన్న కొయ్య భాగాల అంచనా

సొంతంగా విమానం కట్టుకునేవారి చేతిలో ఒక కొయ్య భాగం దెబ్బతింటే, దాన్ని అలాగే వాడవచ్చా, బాగుచేసి వాడవచ్చా, పక్కన పడేయాలా అని తేల్చడమే ఈ వ్యాస విషయం. కలప స్వభావం, జిగురు, తేమ, బూజు, ఎగిరేటప్పుడు రెక్క మీద పడే బరువు, ఇవన్నీ ఈ తీర్పులో కలిసివస్తాయి. చూపుకు పెద్దదిగా కనిపించే గాయం పెద్దదే అయి ఉండాలన్న నియమం ఏమీ లేదు. అరచేయంత మరక ఏ హానీ చేయకపోవచ్చు. వెంట్రుక కన్నా సన్నటి అడ్డగీత ఒకటి రెక్కను విరిచేయవచ్చు. అందుకే అనుభవజ్ఞులు గుర్తు సైజు కన్నా ముందు అది ఎక్కడుంది, ఎందుకు వచ్చింది అని అడుగుతారు.

నేపథ్యం

ఇంటి దగ్గర విమానం కట్టుకోవడం కొయ్యతోనే మొదలైంది. 1929లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ రూపొందించిన ఎయిర్ క్యాంపర్ ఫోర్డ్ కారు ఇంజనుతో ఎగిరింది. ఫ్రాన్స్‌లో 1930ల్లో ఆన్రీ మిన్యే గీసిన పూ-దు-సియెల్ వేలమందికి ఈ పిచ్చి అంటించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడే జోడెల్ డి-9 వచ్చింది. అమెరికాలో పీట్ బోవర్స్ గీసిన ఫ్లై బేబీ, ఇటలీలో స్టెలియో ఫ్రాటి గీసిన ఫాల్కో కూడా ఈ కోవలోవే. 1953లో పాల్ పొబెరెజ్నీ విస్కాన్సిన్‌లో ప్రారంభించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలాంటివారిని ఒకచోటికి చేర్చింది. అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ వచ్చి ఎన్నో ఏళ్ళయినా కొయ్య విమానాలు కట్టేవారు ఇంకా ఉన్నారు. రంపం, చిత్రిక, క్లాంపులు, జిగురు, ఓపిక ఉంటే చాలు. ఇంటి షెడ్డులో చేయగలిగిన పని అది.

కొయ్య పనికి ఆధారంగా నిలిచిన పుస్తకాలు రెండు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం వెలువరించిన ఏఎన్‌సీ-18 ఒకటి. దాని వెనక మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ ల్యాబొరేటరీ చేసిన పరీక్షలున్నాయి. రెండోది అమెరికా విమానయాన శాఖ 1998లో విడుదల చేసిన ఏసీ 43.13-1బి. ఇది నిజానికి ధ్రువపత్రం పొందిన విమానాల మరమ్మతు కోసం రాసింది. దాని మొదటి అధ్యాయం కొయ్య గురించే కాబట్టి ఇంట్లో కట్టేవారు కూడా దాన్నే పక్కన పెట్టుకుని పనిచేస్తారు. ఏ భాగానికైనా మొదటి మాట మాత్రం ఆ విమానాన్ని డిజైన్ చేసినవారిదే. డ్రాయింగులో ఉన్న పరిమితి ఈ పుస్తకాల పరిమితి కన్నా బిగువుగా ఉంటే డ్రాయింగునే పాటించాలి.

మంచి కొయ్య ఎలా ఉంటుంది

దెబ్బను గుర్తుపట్టాలంటే ముందు దెబ్బలేని కొయ్యను చేతితో ఎరగాలి. అమెరికా పసిఫిక్ తీరంలో పెరిగే సిట్కా స్ప్రూస్‌ను విమాన కలపలో కొలబద్దగా తీసుకుంటారు. ఘనమీటరుకు సుమారు 430 కిలోలు తూగుతుంది, అంటే బరువులో టేకు కన్నా బాగా తేలిక. బరువుతో పోల్చుకుంటే దాని బలం అసాధారణం. అడ్డకోతలో అంగుళానికి కనీసం 6 వార్షిక వలయాలు కనిపించాలి. నార నేరుగా సాగాలి. 15 అంగుళాల పొడవులో 1 అంగుళానికి మించి పక్కకు వాలకూడదు. ఈ వాలు గురించి ఎందుకంత పట్టింపు అంటే, తిన్నటి నారతో పోలిస్తే వంపు బలం 15కి 1 వాలు దగ్గర 89 శాతంగా ఉంటుంది, 10కి 1 దగ్గర 81కి దిగుతుంది, 5కి 1 దగ్గర 55కి పడిపోతుంది. హఠాత్తుగా పడే దెబ్బను తట్టుకునే శక్తి ఇంకా వేగంగా తగ్గుతుంది.

వాలు కంటితో తేలనప్పుడు ఒక పాత పద్ధతి ఉంది. చిత్రిక పట్టిన ముఖం మీద ఫౌంటెన్ పెన్ను సిరా ఒక్క బొట్టు వేస్తారు. అది నార వెంట సన్నని గీతలా పాకుతుంది. కొయ్య అంచుకు, ఆ సిరా గీతకు మధ్య కోణమే వాలు. కోత ముఖం మీద కనిపించే చారలు వలయాలవి, నారవి కావు. కొత్తవారు ఈ రెండింటినీ కలిపేసి తప్పు లెక్క వేస్తారు.

పుట్టుకతో వచ్చే లోపాలన్నీ తిరస్కరించాల్సినవి కావు. రెక్క లోపల పొడవునా సాగే దూలాన్ని స్పార్ అంటారు. దాని ఎత్తులో నడిమి మూడోవంతులో, 3/8 అంగుళానికి మించని గట్టి ముడి ఒకటి ఉంటే, దాని చుట్టూ నార అతిగా మెలికపడకపోతే, 20 అంగుళాల లోపు మరో ముడి లేకపోతే పనికొస్తుంది. చిన్న బంక గూళ్ళకు కూడా ఇలాంటి కొలతలున్నాయి. అదే ముడి స్పార్ పై అంచున ఉంటే పనికిరాదు. పగుళ్ళు, వలయాల మధ్య విడిపోయిన పొరలు, కుళ్ళు ఎక్కడున్నా అంగీకరించరు. వంగి పెరిగిన చెట్టులో ఏర్పడే కంప్రెషన్ వుడ్‌దీ ఇదే కథ. చూడటానికి అది బరువుగా, దిట్టంగా ఉంటుంది. ఆ దిట్టతనాన్ని చూసి మోసపోకూడదు. తేమ మారినప్పుడు అది పొడవు వైపు విపరీతంగా ముడుచుకుని మొత్తం ముక్కనే వంకర తిప్పుతుంది.

ఎక్కడుంది అన్న ప్రశ్న

గాలి రెక్కను పైకి ఎత్తుతుంటే స్పార్ పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. మధ్యలో ఒక గీత దగ్గర ఈ రెండూ సున్నా. అంచుల్లో పనంతా జరుగుతుంటే మధ్య భాగం కోతబలాన్ని మోస్తూ ఆ రెండింటినీ కలిపి ఉంచుతుంది. కాబట్టి ఒకే లోతు గాటు నడుమ పడితే ఒక తీర్పు, అంచున పడితే ఇంకో తీర్పు.

లెక్కవేసి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. దీర్ఘచతురస్రపు దూలం వంపు బలం దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 120 మిల్లీమీటర్ల ఎత్తున్న స్పార్ అంచున 6 మిల్లీమీటర్ల లోతు గాటు పడిందనుకుందాం. దాన్ని నున్నగా చెక్కేస్తే ఎత్తు 114 అవుతుంది. ఎత్తులో పోయింది 5 శాతమే, బలంలో పోయింది దాదాపు 10 శాతం. గాటును చెక్కకుండా పదునుగా వదిలేస్తే ఆ కొస దగ్గర ఒత్తిడి పోగుపడి ఇంకా నష్టం. అదే 6 మిల్లీమీటర్ల గాటు స్పార్ పక్క ముఖం మీద, ఎత్తులో సగం దగ్గర, నార వెంట పడితే బలం తగ్గడం అత్యల్పం.

రెక్క వేరు, రెక్కను ఆనించే స్ట్రట్టు బిగించే చోటు, ఇంజను మౌంటు, చక్రాల ఫిట్టింగుల దగ్గర సడలింపు అసలు పనికిరాదు. అక్కడ బలమంతా నాలుగు బోల్టుల గుండా ప్రవహిస్తుంది. స్పార్‌కు అతుకు వేయవచ్చు గానీ ఈ ఫిట్టింగుల కింద వేయకూడదు. ఒక స్పార్‌కు రెండు అతుకులకు మించి ఉండకూడదు. అంటే గాయం ఫిట్టింగు కిందే ఉంటే, మరమ్మతు సాధ్యమే అనిపించినా, అతుకు చివరలు ఎక్కడికి వస్తాయో గీసి చూసుకున్నాకే నిర్ణయం. రెండు ముక్కల కొసలను ఏటవాలుగా చెక్కి కలిపే స్కార్ఫ్ అతుకు వాలు 10కి 1 నుంచి 12కి 1 దాకా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల మందం ముక్కకు 12కి 1 చొప్పున 240 మిల్లీమీటర్ల ఏటవాలు కావాలి. అంత మంచి కొయ్య గాయానికి ఇరువైపులా ఉందా లేదా అన్నది చాలాసార్లు తీర్పును మార్చేస్తుంది.

నొక్కుడు గీత

అన్ని లోపాల్లో నేను ఎక్కువ భయపడేది దీనికే. స్ప్రూస్ నార వెంట లాగుడును నొక్కుడు కన్నా సుమారు రెట్టింపు భరిస్తుంది. అంటే దూలాన్ని అతిగా వంచితే ముందు చితికేది నొక్కుకునే ముఖం. లోపల సన్న గొట్టాల్లాంటి కణాల గోడలు ఒకదాని పక్కన ఒకటి మడతపడతాయి. పైకి అది నారకు అడ్డంగా పోయే సన్నటి, కొంచెం వంకరటింకర గీత. ముక్క విరగదు, వంగిపోదు, చేతికి మునుపటిలాగే ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఆ ముఖమే సాగే వైపుకు వస్తే, ఆ గీత దగ్గర ముల్లంగిలా పుటుక్కున తెగుతుంది.

ఇది చెట్టు గాలికి ఊగినప్పుడే రావచ్చు, నరికిన చెట్టు బండమీద పడినప్పుడు రావచ్చు, స్పార్‌ను లారీలో రెండు కొసల మీద ఆనించి నడిమిలో బరువు వేసినప్పుడు రావచ్చు. రెక్క కొస నేలకు తగిలిన ప్రమాదంలోనూ వస్తుంది. అమెరికాలో సిటాబ్రియా కుటుంబానికి చెందిన కొయ్య స్పార్ విమానాలకు 2000-25-02 అనే తప్పనిసరి తనిఖీ ఆదేశం రావడానికి కారణం ఈ గీతలే. నొక్కుడు పగుళ్ళు, బోల్టు రంధ్రాల గుండా పొడవునా పోయే పగుళ్ళు, రెక్కకు ఆకారమిచ్చే రిబ్బుల దగ్గర ఊడిన మేకులు, ఇవన్నీ వెతకమంటుంది ఆ ఆదేశం.

వెతికే తీరు చెబుతాను. గదిలో దీపం ఆర్పాలి. స్పార్‌ను బల్లమీద పెట్టి, టార్చిని దాదాపు దాని ముఖానికి ఆనించినట్టు, నార దిశలోనే వెలుగు పాకేలా పట్టుకోవాలి. నిటారుగా వేసిన వెలుగులో ఏమీ కనిపించదు. పక్కనుంచి పాకే వెలుగులో చిత్రిక జాడలు కూడా కొండలూ లోయల్లా లేస్తాయి. అప్పుడు టార్చిని అంగుళం అంగుళం జరుపుతూ, కన్ను వెలుగుకు ఎదురుగా ఉంచి చూడాలి. చిత్రిక జాడ తిన్నగా, సమానంగా ఉంటుంది. ఇసుక కాగితం గీతలు గుంపులుగా, ఒకే వంపులో ఉంటాయి. నొక్కుడు గీత ఈ రెండింటిలా ఉండదు. ఒక వలయం దగ్గర ఆగి, అర మిల్లీమీటరు పక్కకు జరిగి, మళ్ళీ మొదలవుతుంది. వేలిగోరు దానిమీద అడ్డంగా నడిపితే ఒక్కోసారి తట్టినట్టు అనిపిస్తుంది, ఒక్కోసారి అనిపించదు. భూతద్దం పెట్టాలి. వార్నిష్ ఉంటే ముందు దాన్ని తీయాలి, ఎందుకంటే వార్నిష్ పగుళ్ళు కూడా ఇలాగే అడ్డంగా పోతాయి. వార్నిష్ గీకినాక గీత పోతే అది వార్నిష్‌దే. పోకుండా కొయ్యలోనే ఉంటే ఆ ముక్క పని అయిపోయింది. దీనికి మరమ్మతు లేదు. ముక్కను మార్చాలి, లేదా ఆ భాగాన్ని పూర్తిగా కోసేసి కొత్త కొయ్య అతకాలి.

కట్టేవాడి చేతిలో స్పార్ జారి కింద పడిందంటే, పైకి ఏ దెబ్బా కనిపించకపోయినా ఈ పరీక్ష చేయాల్సిందే. ఏం జరిగిందన్నది నోటుబుక్కులో తేదీతో రాసుకోవడం మంచి అలవాటు.

తేమ, మరక, కుళ్ళు

కొయ్యలో కుళ్ళు పుట్టించే శిలీంధ్రాలకు తేమ కావాలి. కొయ్య తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అవి పెరగవు. జిగురు పెట్టేటప్పుడు 8 నుంచి 12 శాతం మధ్య ఉండేలా చూస్తారు. రెండు ముళ్ళున్న తేమమీటరు ఇప్పుడు చవకగానే దొరుకుతుంది, అయితే దాని అంకెను కొయ్య జాతికి, ఉష్ణోగ్రతకు తగ్గట్టు సరిదిద్దుకోవాలి.

నీలి నలుపు మరక అనగానే కుళ్ళు అని బెదరకూడదు. ఇనుప బోల్టు చుట్టూ ఉండే నల్లని వలయం చాలాసార్లు ఇనుముకు, కొయ్యలోని టానిన్‌కు మధ్య జరిగిన రసాయన చర్య. దాని వల్ల తెలిసేది ఒక్కటే, అక్కడికి నీరు చేరింది. నీరు చేరిన చోట కుళ్ళు ఉండవచ్చు కాబట్టి తర్వాతి పరీక్షకు దిగాలి.

ఆ పరీక్ష వడ్రంగులందరికీ తెలిసిందే. సన్న దబ్బనాన్నో, పదునైన ఉలి మూలనో నారకు అడ్డంగా కొద్దిగా గుచ్చి, పైకి మీటాలి. మంచి కొయ్య గట్టిగా బిగపట్టి, చిటపట చప్పుడుతో పొడుగాటి పేలికగా లేస్తుంది. పేలిక ఒక కొస ఇంకా కొయ్యకు అంటుకునే ఉంటుంది. కుళ్ళు మొదలైన కొయ్య అలా చేయదు. చప్పుడు లేకుండా, దబ్బనం ఉన్నచోటే అడ్డంగా, బిస్కెట్టు ముక్కలా తెగి వస్తుంది. కంటికి రంగు తేడా కనిపించకముందే ఈ తేడా చేతికి తెలుస్తుంది. పగిలిన చోట పుట్టగొడుగు వాసన వస్తే అనుమానం తీరినట్టే. కుళ్ళు కనిపించినంతమేర కోసి ఊరుకోకూడదు. దాని పోగులు కనిపించే అంచును దాటి లోపలికి పాకి ఉంటాయి.

తేమ హెచ్చుతగ్గులు ఇంకోరకంగానూ చెరుపు చేస్తాయి. కొయ్య అడ్డంగా ఉబ్బి ముడుచుకుంటుంది, పొడవునా దాదాపు మారదు. స్పార్ మీద ఫిట్టింగు దగ్గర అతికించిన ప్లైవుడ్ బలపు పలక ఆ కదలికను అడ్డుకుంటుంది. ఏళ్ళ తరబడి ఈ పెనుగులాట సాగితే స్పార్ పలక అంచు దగ్గరో, బోల్టు రంధ్రాల వరుసలోనో పొడవునా చీలుతుంది. ఎగరని విమానంలో కూడా ఇది జరుగుతుంది.

జిగురు

కొయ్య నిక్షేపంగా ఉన్నా అతుకు చచ్చిపోయి ఉండవచ్చు. పాల నుంచి చేసే కేసిన్ జిగురు తొలి తరం విమానాలను నిలబెట్టింది. తడిస్తే దానికి బూజు పడుతుంది, ఈనాడు మరమ్మతుకు ఎవరూ వాడరు. 1930ల చివర్లో ఇంగ్లండులో నార్మన్ డి బ్రూయిన్ తెచ్చిన ఏరోలైట్ యూరియా ఫార్మాల్డిహైడ్ రకం. వేడీ తేమా కలిసిన చోట ఈ రకం జిగురులు కాలక్రమంలో బలహీనపడతాయి. నీటికీ ఎండకూ పూర్తిగా తట్టుకునేదిగా అమెరికా విమానయాన శాఖ పుస్తకం మెచ్చుకున్నది రిసార్సినాల్. కానీ దానికి అతుకు ముఖాలు ఒకదానికొకటి కరుచుకున్నట్టు ఉండాలి, గట్టి క్లాంపు ఒత్తిడి కావాలి. చిన్న ఖాళీలను పూరించగల ఎపాక్సీ జిగురులు ఇంట్లో కట్టేవారికి దగ్గరైంది ఇందుకే.

జిగురు ఎంత ముఖ్యమో రెండు చారిత్రక ఉదంతాలు చెబుతాయి. 1931 మార్చి 31న కాన్సస్‌లోని బజార్ దగ్గర ఫోకర్ ఎఫ్-10 ప్రయాణికుల విమానం రెక్క గాలిలోనే విరిగి 8 మంది చనిపోయారు. వారిలో ఫుట్‌బాల్ శిక్షకుడు క్నూట్ రాక్నీ ఒకరు. రెక్క పూర్తిగా ప్లైవుడ్‌తో మూసినది. లోపలికి చేరిన తేమ జిగురును దెబ్బతీసినా బయటి నుంచి చూసేవారికి తెలిసే దారి లేకపోయింది.

రెండోది మన దేశంలో జరిగింది. బ్రిటన్ యుద్ధకాలంలో కట్టిన మస్కిటో విమానం బాల్సా, బర్చ్ ప్లైవుడ్ పొరలతో చేసినది. 1944 చివర్లో భారతదేశంలో పనిచేస్తున్న మస్కిటోల రెక్కలు గాలిలో విఫలమై కూలడంతో, నవంబరులో వాటిని ఎగరనివ్వకుండా ఆపారు. తయారీ సంస్థ స్థాపకుడి తమ్ముడు హియర్‌వర్డ్ డి హావిలాండ్ స్వయంగా వచ్చి పరీక్షించాడు. ఆనాడు అధికారికంగా నింద ఎక్కువగా మన వాతావరణం మీదికే నెట్టారు. అయితే విమానాలను విప్పి చూసినప్పుడు కర్మాగారంలో జిగురు పని సరిగా జరగని అతుకులు కూడా బయటపడ్డాయి. తర్వాత నీరు చొరబడకుండా రెక్క చర్మపు అతుకు పొడవునా ఒక ప్లైవుడ్ పట్టీ వేశారు. వేడీ వానా చేసేది కొంతవరకే, పుట్టుకలోనే పస లేని అతుకును అవి బయటపెడతాయి అని నా అభిప్రాయం.

అతుకును తనిఖీ చేసేటప్పుడు దాని అంచులో సన్నటి ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో చూస్తారు. దూరితే అక్కడ అతుకు విడింది. నాణెంతో గానీ చిన్న ప్లాస్టిక్ సుత్తితో గానీ ప్లైవుడ్ మీద తడుతూ పోతే, అతికి ఉన్నచోట టకటకమనే చప్పుడు, విడిచిన చోట డొల్ల చప్పుడు వస్తాయి. చప్పుడు మారిన అంచును పెన్సిలుతో గీసుకుంటూ పోతే విడిపోయిన మేర పటంలా కనిపిస్తుంది.

ప్లైవుడ్ చర్మం

పలుచటి ప్లైవుడ్‌కు తగిలే గాయాలు సాధారణంగా బాగుచేయదగినవే. 1/10 అంగుళానికి మించని మందంలో, మందానికి 15 రెట్లకు మించని చిన్న రంధ్రానికి అంచులు 5కి 1 వాలుగా చెక్కిన గుండ్రటి అతుకు చాలు. పెద్దవాటికి 12కి 1 వాలుతో స్కార్ఫ్ అతుకు వేయాలి. రంధ్రం చుట్టూ పొరలు ఎంతదూరం విడివడ్డాయో తట్టి చూడకుండా కోత గీత గీయకూడదు. రెక్క ముందు అంచున నియమాలు ఇంకా కఠినం, ఎందుకంటే అక్కడి చర్మం గాలిని మళ్ళించడంతో పాటు మెలికను కూడా తట్టుకుంటుంది.

సగంలో ఆగిన విమానాలు

ఎవరో మొదలుపెట్టి వదిలేసిన కొయ్య విమానాన్ని కొనుక్కుని పూర్తిచేయాలనుకునేవారికి ఈ అంచనా పని అన్నిటికన్నా కష్టం. రిబ్బులు నున్నగా, వార్నిష్ మెరుస్తూ ఉంటాయి. వాడిన జిగురు ఏదో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. షెడ్డు కప్పు ఏ ఏడు కారిందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటప్పుడు మొదట అడగాల్సింది బిల్లులు, జిగురు డబ్బాలు, కట్టినప్పటి ఫోటోలు. బాధ్యతగా కట్టినవాడైతే జిగురు కలిపిన ప్రతిసారీ రెండు తుక్కు ముక్కలు అతికించి, తేదీ రాసి దాచి ఉంటాడు. ఆ ముక్కలు ఉంటే అవే పెద్ద సాక్ష్యం.

లేకపోతే ఒకటి రెండు రిబ్బులను త్యాగం చేయాలి. రిబ్ మూల దగ్గర ముక్కలను కలిపే చిన్న ప్లైవుడ్ పలకను, అంటే గసెట్‌ను, ఉలితో లేపి, విడిన రెండు ముఖాలనూ వెలుగులో పెట్టి చూడాలి. గసెట్ కింద స్ప్రూస్ పేలికలు దట్టంగా అంటుకుని వచ్చాయంటే తెగింది కొయ్య, జిగురు కాదు. మంచి అతుకు లక్షణం అదే. ఒక ముఖం మీద గట్టిపడిన జిగురు అద్దంలా నున్నగా ఉండి, రెండో ముఖం మీద శుభ్రమైన కొయ్య కనిపిస్తే జిగురు ఆరడం మొదలయ్యాక ముక్కలను కలిపారని అర్థం. రెండు ముఖాలూ పొడిగా, జిగురు జాడే లేకుండా ఉంటే క్లాంపు అతిగా బిగించి దాన్నంతా పిండేశారు, లేదా కొయ్య పీల్చేసింది. జిగురు పొడిపొడిగా రాలుతుంటే దాని ఆయుష్షు తీరింది. ఒక రిబ్బులో ఇలా కనబడితే అదే రోజు, అదే చేతితో చేసిన మిగతా రిబ్బులన్నీ అనుమానితాలే.

తిరస్కరించిన భాగాన్ని షెడ్డు మూలన నిలబెట్టి ఉంచకూడదు. లోపం ఉన్నచోట ఎర్ర పెన్సిలుతో గీసి, రంపంతో రెండుగా కోసేయాలి. ఏళ్ళు గడిచాక దాన్ని ఇంకెవరో మంచి స్ప్రూస్ అనుకుని తీసి రెక్కలో పెట్టే ప్రమాదం అప్పుడే తప్పుతుంది. కోసిన ముక్కలో లోపం ఉన్న జానెడు మేర మాత్రం దాచుకోవచ్చు. తర్వాతి స్పార్‌ను టార్చితో చూసేటప్పుడు పక్కన పెట్టుకుని పోల్చడానికి అది పనికొస్తుంది.